వదిన మూడో డబ్బా

మా లాండ్రీ వాన్ నడిపేది వదినే. పదకొండేళ్లుగా నడుపుతోంది. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి తెరలు మూటలు కట్టి స్టీరింగ్ ముందు కూర్చుందంటే ఇక ఆవిడను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇంట్లో ఏమన్నా తలూపే మనిషి, రోడ్డెక్కగానే లారీవాళ్లను కూడా దబాయిస్తుంది. వాన్‌లో డీజిల్ ఎంతుందో చూపే ముల్లు ఎప్పుడో చచ్చింది. అందుకే రోజూ పొద్దున్నే ఐదు లీటర్ల డబ్బాలు మూడు పోసుకుని బయల్దేరుతుంది.

మొన్న అన్నయ్య తెగేసి చెప్పాడు. "ఒక్క బండే మార్చగలను. అప్పటికీ డీజిల్ ఖర్చు తగ్గకపోతే వాన్ అమ్మేస్తా. మూటలు బయటి బండికి ఇచ్చేద్దాం."

అంటే వదిన ఇంట్లో కూర్చోవాల్సిందే.

నాకు కాలు నిలవలేదు. ఇళ్లకు ఇస్త్రీ బట్టలు చేర్చే చిన్న కారు నాది. రెండు బండ్లూ రోజుకు చెరో అరవై కిలోమీటర్లే తిరుగుతాయి. కాగితం పట్టుకుని కౌంటర్‌కీ గుమ్మానికీ మధ్య తిరుగుతూ మొదలుపెట్టాను.

"చూడన్నయ్యా! వాన్ లీటరుకి నాలుగు కిలోమీటర్లిస్తోంది, కొత్తది ఆరిస్తుంది. ముష్టి రెండు! నా కారు పదిహేను, కొత్తదైతే ముప్పై. రెట్టింపు! ఇంకా ఆలోచనేంటి?"

"అయితే కారే," అన్నాడు అన్నయ్య.

షోరూమ్ వాడు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. వదిన ముఖం చూడలేకపోయాను. లెక్క లెక్కే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వదిన వెనక్కి వెళ్లి ఖాళీ డబ్బాలు మూడూ తెచ్చి ఇస్త్రీ బల్ల మీద టపటపా పెట్టింది. "రోజూ నేను పోసేవి ఇవి. కొత్త వాన్‌కి ఎన్ని కావాలి?"

అరవైని ఆరుతో భాగించాను. పది లీటర్లు. "రెండు," అన్నాను.

ఆవిడ ఒక డబ్బా పక్కకు జరిపింది. "ఇప్పుడు నీ కారు రోజుకెంత తాగుతోంది?"

"నాలుగు లీటర్లు."

"డబ్బా కూడా నిండదు! అది తాగడమే మానేసినా ఈ డబ్బా అంత మిగలదు కదయ్యా?"

అన్నయ్య నోరెళ్లబెట్టాడు. వెంటనే ఫోన్ అందుకుని, "వాన్ బుక్ చెయ్యండి," అన్నాడు. నేను కాగితం ఉండచుట్టి జేబులో కుక్కుకున్నాను. ఛీ, కొత్త కారు మోజులో భాగహారం కూడా మరిచిపోయాను!

"సారీ వదినా, లెక్క తప్పింది."

"తప్పితే తప్పిందిలే," అంది వదిన డబ్బాలు ఎత్తుకుంటూ. "రోజూ డీజిల్ పోసేది నేను. నన్నొక్క మాట అడగొచ్చుగా?"

ఈ పదకొండేళ్లలో ఆవిడను ఎప్పుడైనా, ఏదైనా అడిగానా అని గుర్తు చేసుకోవాలని చూశాను. ఒక్కటీ గుర్తు రాలేదు.