బావ లోపలికి రాని ఆసుపత్రి

మా అక్క శైలజకు రెండో కాన్పు అయిన నాలుగో నెలలో వాళ్ళ అత్త అంకాలమ్మ మా నాయనకు ఫోన్ చేసింది. బాగున్నారా అని కూడా అడగలేదు. ఆపరేషన్ ఎప్పుడు చేయిస్తారని అడిగింది.

అక్కను ఇచ్చిన కొమరోలులోనైనా, మా గిద్దలూరులోనైనా ఈ పద్ధతిని ఎవరూ ప్రశ్నించరు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆడమనిషికి ఆపరేషన్ చేయించాలి. చేయించాల్సింది పుట్టింటివాళ్ళు. ఆసుపత్రికి తీసుకుపోయేది, కుట్లు మానేదాకా పడుకోబెట్టి పత్యం పెట్టేది, అంతా మేమే. మొగుడు ఒకరోజు వచ్చి యాపిల్ పండ్లు ఇచ్చి పోతాడు. నేను డిగ్రీ సగంలో వదిలేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను కాబట్టి అక్కను తిప్పే పని నా మీద పడింది.

రెండో కాన్పులో అక్క చచ్చి బతికింది. ఇటు కొడుకు పుట్టాడని మైసూరుపాకు పంచుతుంటే అటు ఆమెకు రక్తం ఆగలేదు. ఎక్కించిన రక్తం ఎక్కించినట్టే పోయింది. ఇంటికి పంపేటప్పుడు కాన్పు చేసిన డాక్టరు మా అందరినీ నిలబెట్టి, మూడో కాన్పు వస్తే ప్రాణానికి తాను హామీ ఇవ్వలేనని చెప్పింది. బావ దేవరాజు బుద్ధిగా తల ఊపాడు. ఆ తల మీద నాకు అప్పట్లో నమ్మకం ఉండేది.

అక్క తక్కువ మాట్లాడుతుంది. చిన్నప్పుడు ఒకసారి నాయన ఊరికే కోపమొచ్చి కొట్టాడు. అక్క ఏడవలేదు, అలగలేదు. నాయన అన్నానికి కూర్చున్న ప్రతిసారీ ఎదురుగా నిలబడి "ఎందుకు కొట్టినావు" అని మామూలు గొంతుతో అడిగేది. కొన్నాళ్ళకు నాయనకు అన్నం దిగడం మానేసింది. తప్పయిందని ఒప్పుకుని కూతురికి మూడు చక్రాల బొమ్మబండి కొనిచ్చాడు. కొమరోలు పోయాక ఎకరన్నర మిరప, ఇద్దరు పిల్లలు, అంకాలమ్మ మోకాళ్ళ నొప్పులు అన్నీ ఆ మామూలు గొంతుతోనే మోస్తోంది.

గిద్దలూరులో డాక్టర్ ముబాషిరా దగ్గరికి తీసుకుపోయాను. బావ కూడా వచ్చాడు కానీ ఆసుపత్రికి ఎదురుగా టీ కొట్టు దగ్గర బండి ఆపి, ఆడవాళ్ళ విషయం మీరు చూసుకోండని అక్కడే ఆగిపోయాడు.

మేడమ్ రక్త పరీక్ష చూసింది. రక్తం ఏడు కూడా లేదు, ఇప్పుడు ఆపరేషన్ చేయడం కుదరదు, ఐరన్ మాత్రలు వాడి పెంచుకున్నాక చూద్దాం అంది. అప్పటిదాకా ఏం చేయాలని అక్క అడిగితే ఓపికగా ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. కాపర్-టీ ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదు, కానీ కొందరికి నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంది, నీకు ఉన్నదే తక్కువ అంది. రోజూ మింగే మాత్రలు పాలిచ్చే తల్లికి బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా వద్దంది. ఇంకో రకం మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి వేసుకునేది ఉంది. పాలకు ఇబ్బంది లేదు, కానీ మరిచిపోతే పనిచేయదు. మిరపకాయలు కోసేటప్పుడు ఏ వారమో కూడా తనకు తెలియదని అక్క నవ్వింది. మూడు నెలలకొక సూది ఉంది. పాలకూ మంచిదే, రక్తం తక్కువున్నా వేయొచ్చు. కాకపోతే మొదట్లో నెలసరి లెక్క తప్పి వారాల తరబడి మరకలు కనిపించవచ్చు, కొన్నాళ్ళకు అసలు ఆగిపోవచ్చు, కొందరు లావవుతారు. నిరోధ్ అయితే ఒంటికి ఏ బాధా లేదు, ప్రతిసారీ తప్పకుండా వాడాలి అంతే. అక్క తల వంచుకుంది. వాళ్ళుండే చోట మందుల దుకాణం బావ మేనమామది. బావ అక్కడ తలనొప్పి మాత్ర అడగడానికే మొహమాటపడతాడు.

"అన్నిటికంటే తేలికైనది ఇంకొకటి ఉంది," అంది మేడమ్. "మీ ఆయనకు చేయడం. పెద్ద కోత ఉండదు, కుట్లు ఉండవు. పావుగంటలో అయిపోతుంది, అదే రోజు నడుచుకుంటూ ఇంటికి పోతాడు. ఆయనెక్కడ?"

నేను పోయి టీ గ్లాసు చేతిలోంచి లాక్కుని బావను తీసుకొచ్చాను. గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. కొద్దిగా నొప్పి, వాపు ఉండవచ్చు, వారం పాటు బరువులు ఎత్తకూడదు, మగతనంలో ఏ తేడా రాదు, మూడు నెలలు వేరే జాగ్రత్త కూడా పాటించి చివర్లో పరీక్ష చేయించుకోవాలి అని మేడమ్ చెప్పింది. బావ సరే అన్నాడు. ఆ సంతోషంలో నేను బేకరీకి తీసుకుపోయి ఆయనకు రెండు ఎగ్ పఫ్‌లు తినిపించాను.

వాళ్ళ వెంట నేనూ కొమరోలు పోయాను, ఆ సరే అక్కడ రాత్రిదాకా కూడా బతకలేదు. బావ పని బోరు మోటార్లు కాలిపోతే పైపులు పైకి లాగడం. అంకాలమ్మ ఆ పైపులే పట్టుకుంది.

"పైపులు ఎత్తే మనిషికి కత్తి పెడతారా? రేపు నడుము పట్టేస్తే మీ నాయన వచ్చి లాగుతాడా మోటార్లు?"

మేడమ్ చెప్పిందంతా నేను చెప్పాను. వారం చాలు అన్నాను. అక్కకు కడుపు కోసి కుట్టినా నెల తిరక్కుండా చేలోకి పంపుతారు కదా అని కూడా అన్నాను.

"ఒక్క డిగ్రీ పూర్తి చేయలేకపోయినావు, నువ్వు డాక్టర్ మాటలు చెప్పేది ఏంది నాయనా," అంది అంకాలమ్మ.

బావ అప్పుడు కూడా తల ఊపాడు, ఈసారి వాళ్ళమ్మ వైపు. తిన్న ఎగ్ పఫ్‌లు కక్కిద్దామన్నంత మండింది నాకు. అక్క మాత్రం పిల్లాడికి పాలు పట్టి, మరుసటి రోజు నన్ను తోడు రమ్మని, మేడమ్ దగ్గరికి పోయి సూది వేయించుకుంది.

మేడమ్ చెప్పినట్టే అయింది. మరకలు మొదలై ఆగలేదు. ఫోన్ చేస్తే సూదికి ఇది మామూలే, ఐరన్ మాత్రలు ఆపవద్దు, రక్తం ఎక్కువ పోతే మాత్రం వెంటనే రమ్మంది. ఒంటికి ఇబ్బంది లేదు. ఇబ్బందంతా ఆ ఇంటితో. అక్కడ నెలసరి వస్తే వసారాలో వేరే చాప, వేరే పళ్ళెం, వేరే చెంబు. మూడు రోజులు వంటింటి గడప తొక్కకూడదు, ఎవరినీ తాకకూడదు. పాలు తాగే పిల్లాడికి మాత్రం అంటు లేదని వాళ్ళే ఒక మినహాయింపు పెట్టుకున్నారు. పెద్దపిల్ల అమ్మ ఒళ్ళో కూర్చుంటే స్నానం చేయించాక లోపలికి రానిస్తారు. ఆ మూడు రోజులు వారమై, రెండు వారాలై, మూడో వారంలో పడింది.

పొరుగింటి పుల్లమ్మ, చుక్కా మరకా ఎవరు చూడొచ్చారు, ఆగిపోయిందని చెప్పి లోపలికి పోవే అని అక్క చెవిలో చెప్పిందట. అక్క వినలేదు. పొద్దున్నే అంకాలమ్మ వచ్చి అయిపోయిందా అని అడిగేది. లేదత్తా అని అక్క చాప మీద నుంచే చెప్పేది.

నేను కోపం పట్టలేక బండేసుకుని పోయాను. ఎండ వసారాలోకి దిగింది. అక్క గోడకు ఆనుకుని పెద్దపిల్ల గౌనుకు గుండీలు కుడుతోంది.

"పద ఇంటికి పోదాం," అన్నాను. "ఇట్ల మూలన కూర్చోబెడితే చూస్తా ఉండాల్నా?"

"నేను వస్తే వాళ్ళకు సుఖం రా," అంది అక్క. "లోపల ఎవరు మూలుగుతాండారో విను."

లోపల అంకాలమ్మ సంగటి కెలుకుతూ మోకాలు పట్టుకుని దేవుళ్ళందరినీ పిలుస్తోంది. బావ పళ్ళెం ముందు కూర్చుని చారులో ఉప్పు లేదని గొణుగుతున్నాడు. బొమ్మబండి అప్పుడు గుర్తొచ్చింది నాకు. అక్క మళ్ళీ అన్నం ముందు నిలబడింది. ఇంకో వారం ఆగితే బావ తనంతట తానే ఆసుపత్రికి పరిగెత్తుతాడని లెక్కేసుకుని ఒక్కడినే వెనక్కి వచ్చాను.

నా లెక్క తప్పింది. ఆ వారం దాటకముందే అంకాలమ్మ ఒక పొద్దున వసారాలోకి వచ్చి, "సూది వల్ల వచ్చేది అంటు కాదంటలే, లోపలికి రామ్మా," అంది. ఎవరన్నారని అక్క అడిగితే, ఎవరో ఒకరు అన్నారులే అందట.

ఫోన్లో ఇది విని నేను నవ్వలేదు. వాళ్ళ అత్త, ఆమె అత్త, తరాలుగా ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టిన చాప ఒక్క పూటలో చుట్టేశారు. కొడుకు పావుగంట బల్ల మీద పడుకుంటాడంటే మాత్రం ఆ ఇంటి చూరు కూలిపోతుంది. మోకాళ్ళ నొప్పికి దేవుడు సర్దుకున్నాడు, పైపులు ఎత్తే మనిషి సర్దుకోలేదు.

ఇంకో చిత్రం, ఆ చాప మళ్ళీ పరవలేదు. తర్వాత మరకలు తగ్గినా, వచ్చినా అక్క వంటింట్లోనే ఉంది. నేను మండిపడుతుంటే అదన్నా వచ్చింది కదా రా అంది.

రెండో సూదికి అక్కను, పిల్లాడిని బావే బండి మీద తీసుకొచ్చాడు. నేను నేరుగా ఆసుపత్రికి పోయాను. ఐరన్ మాత్రలు పనిచేశాయి, రక్తం బాగా పెరిగింది. ఇప్పుడు కావాలంటే ఆపరేషన్ చేయొచ్చని ముబాషిరా మేడమ్ చెప్పింది. ఆ మాట కోసమే అంకాలమ్మ ఎదురుచూస్తోందని నాకు తెలుసు. మంచి రోజు కూడా చూసి పెట్టుకుంది.

అక్క రవిక చెయ్యి పైకి మడిచింది. "వద్దు మేడమ్. సూదే వేయండి. నా కడుపు కోసినారంటే ఇంక ఆయన్ను అడిగేదానికి నాకేం మిగల్దు."

మేడమ్ సూది తీసుకుంది.

బయటికి వచ్చాం. రోడ్డుకు అవతల టీ కొట్టు దగ్గర బావ బండికి ఆనుకుని ఉన్నాడు. నెత్తిన తువ్వాలు కప్పుకున్నాడు, అయినా మొహమంతా చెమట. అయిపోయిందా అని అడిగాడు. ఆపరేషన్‌కు ఏ రోజు చెప్పారని కూడా అడిగాడు.

అక్క బండెక్కి, పిల్లాడిని ఒళ్ళో సర్దుకుంది.

"నాకేం రోజు చెప్పలేదు," అంది, నాయనను అడిగిన ఆ పాత గొంతుతోనే. "మళ్ళా మూడు నెలలకు వస్తాం. అప్పుడన్నా లోపలికి రా. ఊరికే ఎండలో ఎందుకు నిలబడేది?"

బావ తల ఊపబోయి, మధ్యలో ఆపేసి, బండి స్టార్ట్ చేశాడు.