ఆగయ్య పరుగు, సారవ్వ సంతకం

ఆగయ్య ముప్పయ్యారేళ్లు గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగాడు. లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్ పని ఆయనది. అన్నేళ్లలో ఆయన నేర్చిన విద్య ఒక్కటే, దుంగ కిర్రుమంటే పరుగెత్తాలి. ఎందుకు కిర్రుమందో బయటికొచ్చాక తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. టిఫిన్ డబ్బా వదిలెయ్యాలి, పై అధికారి పిలిచినా వెనక్కి చూడకూడదు. ఈ విద్య ఆయనతో పాటు ఇంటికీ వచ్చింది. ఒక పెళ్లిలో షామియానా కర్ర కిర్రుమంటే లడ్డూ విస్తరిలోనే వదిలి రోడ్డు మీద తేలాడు. మంచం కిర్రుమన్నా వాకిట్లోకి ఉరుకుతున్నాడని, భార్య సారవ్వ మంచమే తీసేసి చాప పరిచింది.

అలాంటి మనిషి పోయి పోయి షేర్ మార్కెట్లో పడ్డాడు.

రిటైరయ్యాక అన్నీ పోను పదిహేను లక్షలు మిగిలాయి, మొగుడూ పెళ్లాల ఇద్దరి పేరు మీద. ఆరు నెలల్లో కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. కమాన్‌పూర్‌లో ఉన్న కాస్త జాగాలో చిన్న స్లాబు ఇల్లు వేసుకోవాలని సారవ్వ ఆశ. కంపెనీ గోడ అని ఇన్నేళ్లూ ఒక్క మేకు కొట్టడానికి కూడా జంకిన మనిషి ఆమె. ఇంతలో ఆగయ్య అన్న కొడుకు ఉపేందర్, చౌరస్తాలో సెల్‌ఫోన్ దుకాణం వాడు, ఫోన్‌లో ఒక గీత చూపించాడు. గీత పైకి పోతోంది.

“కాకా, షేర్లల్ల పెడితే ఐదారేండ్లల్ల డబులైతది. అప్పుడు రెండంతస్తులు కట్టుకో.”

రెండో అంతస్తు మాట చెవిన పడగానే ఆగయ్య బుర్ర పని చెయ్యడం మానేసింది. సారవ్వ బుర్ర మానలేదు. బ్యాంకులో ఆమె సంతకం కూడా కావాలి మరి.

“లచ్చ ఇస్త. మూడు నెలలు కదలకుంట అండ్లనే ఉంచితే మిగిలిన పద్నాలుగు లచ్చలకు సంతకం పెడ్త. నడుమల తీసినవంటే ఇల్లు కట్టుడే,” అంది.

“గంతేనా చిన్నమ్మా,” అని నవ్వాడు ఉపేందర్. “పడ్డా లేసినా ఊకె కూసునుడే కాకా. గంతకన్న ఏం లేదు.”

కూర్చోవడం ఎంత పని అనుకున్నాడు ఆగయ్య. పాపం, తన సంగతి తనకే తెలియదు.

తొమ్మిదింబావుకు మార్కెట్ తెరుస్తారట. మర్నాడు తొమ్మిదింటికే డ్యూటీ బూట్లు తొడుక్కుని, టిఫిన్ డబ్బా కట్టించుకుని, వాకిట్లో చెక్క కుర్చీలో కూర్చున్నాడు. వంటింటికి పది అడుగుల దూరంలో ఉన్న మనిషికి డబ్బా ఎందుకో సారవ్వకు అర్థం కాలేదు. మూడున్నరకు మార్కెట్ మూయగానే కాళ్లూ చేతులూ కడుక్కుని, డ్యూటీ దిగానని చెప్పి ఇంట్లోకి వచ్చాడు.

నెల బాగానే గడిచింది. తర్వాత ఒకరోజు గీత ఎర్రబడి కిందికి జారింది. అరగంటలో ఆగయ్య పదకొండుసార్లు లేచి పదకొండుసార్లు కూర్చున్నాడు. ఆ దెబ్బకు కుర్చీ కాలు వదులైంది. సారవ్వ ఫోన్ లాక్కుని బియ్యం డబ్బాలో దాస్తే, సాయంత్రం దాకా ఆ డబ్బా చుట్టే తిరిగాడు. ఇంక కదలనని ఒట్టేశాకే ఫోన్ తిరిగి చేతికొచ్చింది.

రెండో నెల చివర్లో అసలు ముప్పు వచ్చింది. వరసగా వారం రోజులు గీత దిగుతూనే ఉంది. ఆగయ్య పళ్లు బిగబట్టి, కుర్చీ చేతులు పట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు. ఎనిమిదో రోజు గీత మరో మెట్టు జారిన క్షణంలోనే వదులైన కుర్చీ కాలు కిర్రుమంది.

అంతే. ఆగయ్య ఫోన్ పట్టుకుని చౌరస్తా వైపు ఉరికాడు. దారిలో సదయ్య చాయ్ హోటల్ ముందు “బయటికి రండ్రి” అని ఒక్క కేక వేశాడు. లోపల ఆరుగురు రిటైరైన కార్మికులు చాయ్ తాగుతున్నారు. ఒక్కడంటే ఒక్కడు ఎందుకని అడగలేదు. గ్లాసులు వదిలి అందరూ రోడ్డు అవతలికి పోయి నిలబడ్డాక, అప్పుడు అడిగారు.

“ఏమైందే?”

“మార్కెట్ పడ్తున్నది,” అన్నాడు ఆగయ్య రొప్పుతూ. అక్కడే నిలబడి ఫోన్‌లోనే మొత్తం అమ్మేశాడు. లక్షకు తొంభై ఒక్క వేలు వచ్చాయి. సదయ్యకు మాత్రం ఆరు చాయ్‌ల పైసలు ఇప్పటికీ రాలేదు.

మూడు నెలలు నిండేసరికి గీత మళ్లీ ఎక్కింది. ఉంచి ఉంటే లక్షా రెండు వేలు అయ్యేదని ఉపేందర్ తల పట్టుకున్నాడు.

“కూసోమంటి గద కాకా.”

ఆగయ్యకు ఒళ్లు మండింది. “నాతోని బాయి దిగినోళ్లల్ల, కప్పు సప్పుడు చేసినంక కూసున్నోడు ఒక్కడన్న ఉన్నడారా? ఉంటె చూపియ్యి.”

ఉపేందర్ కాకా వెనకే ఇంటికి నడిచాడు.

కానీ ఇంట్లోకి వచ్చేసరికి ఆగయ్యకు సిగ్గేసింది. రెండో అంతస్తు పోయింది, తొమ్మిది వేలు పోయాయి. తల వంచుకుని చాప మీద కూలబడ్డాడు.

“పోతే పోయినయి,” అంది సారవ్వ. “గట్ల ఉరికెటోనివి గన్కనే ముప్పయ్యారేండ్లు ఇంటికొచ్చినవు.”

ఆగయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఆరకముందే ఆమె ఉపేందర్ వైపు తిరిగింది.

“పద్నాలుగు లచ్చలు ఇంటికి. ఆ తొంబయ్యొక్క వేలు మల్ల అండ్లనే పెట్టు, నా పేరు మీద.”

“పడితే ఎట్లనే?” అన్నాడు ఆగయ్య, అప్పుడే సగం లేచి.

“బాయిల ప్రమాదం సైరన్ మోగినప్పుడల్లా గేటు కాడ నిలబడ్డ. నువ్వు బయటికొచ్చేదాక ఒక్కనాడన్న కదిలిన్నా? ఉరుకుడు నీకొస్తది. ఉండుడు నాకొస్తది.”

కమాన్‌పూర్‌లో ఇల్లు లేచింది. గృహప్రవేశం నాడు ఆగయ్య బాయిలో కప్పును పరీక్షించినట్టే కర్రతో స్లాబును మూడుచోట్ల కొట్టి, చెవి ఒగ్గి విని, ఫరవాలేదన్నాడు. సారవ్వ ఫోన్ బియ్యం డబ్బాలోనే ఉంటుంది. మొన్న మార్కెట్ బాగా పడిందని విని ఆయన పరుగున వంటింట్లోకి వచ్చాడు.

“పడ్తున్నదట.”

“పడనీ. కూసో,” అంది ఆమె చింతపండు పిసుకుతూ.

ఆగయ్య కూర్చున్నాడు, బూట్లతోనే, గుమ్మం వైపు తిరిగి.