గంగులప్ప కాల్చిన కొయ్యలు

అదే కదా మీరూ అడగబోయేది, మందూ మాకూ పూయని మెత్త కొయ్యను నేలలో పాతితే ఎన్నాళ్లు నిలుస్తుందని. పుంగనూరు గంగులప్పను అడిగితే కళ్లు సగం మూసుకుని, "ఉత్తగా పాతితే మూడు వానలప్పా. నేను కాల్చి పాతితే పదేండ్లు" అనేవాడు.

మదనపల్లె తోటల నుంచి కుప్పం పక్క పశువుల కొట్టాల దాకా ముప్పై ఏళ్లు గుంజలు పాతిన మనిషి. సామిల్లులో చౌకగా దొరికే పైన్ కొయ్యలు తెచ్చి, కింది మొనను నిప్పులో నల్లగా కాల్చేవాడు. వాళ్ల నాయనా అట్లే చేసేవాడు. ఏటా వానలకు ముందు ఊరూరూ తిరిగి, సైకిల్ చక్రం పుల్లతో ఒక్కో గుంజనూ పొడిచి చూసేవాడు. తర్వాత చెవి ఆనించి వినేవాడు. లోపల ఇంకా చెట్టు ఊగుతున్నట్టే ఉంటుందట.

మొన్న ఎండాకాలం రామకుప్పం దగ్గర, పాలమ్మి బతికే యశోదమ్మ కొట్టంలో పుల్ల పెడితే ఉడికిన గెణుసుగడ్డలోకి దిగినట్టు దిగింది. పాతి నాలుగేళ్లే.

"ఏమప్పా, పదేండ్లంటివే! ఈ వానకు కప్పు నా ఆవు మీద పడితే ఎవురు జవాబు?"

"నేనేమ్మా. పెరికి సూస్తా ఉండు."

పెరికాడు. కాలిన మొన గట్టిగానే ఉంది. నేల మట్టం దగ్గర, తడీ గాలీ రెండూ తగిలేచోట, కొయ్య పిండైపోయింది. గంగులప్ప అక్కడే కూలబడ్డాడు.

"ముప్పై ఏండ్లు కాళ్లు కాలుస్తి గదమ్మా. కుళ్లేది నడుము."

"నీ నడుమూ అట్లే ఉండాది. లెయ్యప్పా," అని నవ్విందామె.

వారం తర్వాత నాలుగు కొయ్యలతో వచ్చాడు. ఈసారి మొన నుంచి నేలకు జానెడు పైదాకా కాల్చినవి. మూడు మూలలా పాతాడు. నాలుగో మూలలో ఆవు ఆ పొద్దే ఈనింది.

"ఆడ గడ్డపార ఎయ్యొద్దప్పా, బెదురుతాది. పదో దినం రా."

ఆయన తొందరపడలేదు. పొగ వాసనా జున్నుపాల వాసనా కలిసిన ఆ నీడలో, దూడ తడి ఒళ్లు ఆరేదాకా చూస్తూ కూర్చున్నాడు. కొయ్యను గోడకు ఆనించి బస్సెక్కాడు.

ఎనిమిదో దినం, అన్నం తిన్నాక తీసిన కునుకులోనే పోయాడు.

తొలి వాన పడింది. నాలుగో మూలలోని పాత గుంజను తాడేసి వేపచెట్టుకు కట్టింది యశోదమ్మ. నాలుగో కొయ్య గోడకే ఆని ఉంది. దూడ దానికి ఒళ్లు రుద్దుకుని, మసి పూసుకుని తిరుగుతోంది.