ధర తగ్గని ఇల్లు

ఇన్నేళ్ళుగా మా బంధువుల్లో ఒక్కరూ నా వాదన వినలేదు. పెళ్ళిళ్ళలో నన్ను ‘ఫ్యాన్లబ్బాయి’ అంటారు. ఆ పేరెలా వచ్చిందో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకుంటారు, పక్కనే కూర్చున్న నన్ను మాత్రం అడగరు. (ఏ పెళ్ళిలో ఎవరు ముందు నవ్వారో నాకు గుర్తుంది.) అందుకే నేనే చెబుతున్నాను.

ఆ రోజుల్లో తమిళనాడులో, మా విరుదునగర్‌లో, మిరపకాయల గోడౌను పై అంతస్తులో, ఒక ఇళ్ళ బ్రోకరు దగ్గర కొత్తగా చేరాను. తుమ్ముల మధ్య ఆయన నేర్పిన పాఠం ఒక్కటే: ధర తగ్గించకు, అదనంగా ఏదైనా ఇవ్వు, ఇల్లు త్వరగా పోతుంది. అప్పుడే కోవిల్‌పట్టిలో మా అత్త ఇల్లు అమ్మాలనుకుంది. విరుదునగర్‌లో ఆమె చెల్లెలు, మా చిన్నత్త, ఉండే ఇంటి పక్కిల్లు అమ్మకానికొచ్చింది. ఇద్దరూ భర్తలు పోయినవాళ్ళు. ఒకే గోడకు అటొకరు ఇటొకరు ఉండాలని వాళ్ళ ఆశ. పక్కింటాయన ఆడి నెల, అంటే మన ఆషాఢం, మొదలయ్యేలోపల డబ్బు తెమ్మన్నాడు, ముందు ఎవరిస్తే వాళ్ళకేనన్నాడు. (ఆడిలో మా వైపు ఎవరూ ఇల్లు కొనరు.)

“ఏమిరా, కొంచం తగ్గించి ఇచ్చేద్దామా?” అంది అత్త.

“తగ్గిస్తే మర్యాద పోతుందత్తా. నాకు వదిలెయ్.”

ఆడికి మూడు నెలల ముందు, చిత్తిరి నెలలోనే ఒక రిటైరైన బస్సు కండక్టరు వచ్చాడు. ఇల్లు నచ్చింది, ధరకూ పేచీ పెట్టలేదు. మా ఇళ్ళలో ఒక అలవాటుంది: వీధిలో తమిళం, గుట్టుమాటలకు తెలుగు. ఆయన ముందే కూర్చుని నేను తెలుగులో, “పెయింటు వేయిస్తామందాం అత్తా. చాలకపోతే రిజిస్ట్రేషను పత్రం ఖర్చులో సగం. అదీ చాలకపోతే ఫ్యాన్లు” అన్నాను. ఆయన గోడలు చూస్తూ, ఇంట్లో అడిగి చెబుతానని తమిళంలో చెప్పి వెళ్ళిపోయాడు. పెయింటు వేయించాం. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ మేం తెలుగులో మాట్లాడుకున్నాం, మళ్ళీ ఇంట్లో అడుగుతానన్నాడు. ఇలా వారాలు గడిచాయి. మిగతావాళ్ళేమో, ఇన్ని ఇస్తున్నారంటే ఆ ఇంట్లో ఏదో లోపముందని గడప తొక్కడమే మానేశారు.

ఆడికి నాలుగు రోజుల ముందు చిన్నత్త ఫోను చేసింది. “అక్కా, పక్కింట్ల ఎవరో పాలు పొంగిచ్చినారే.” అత్త “సరి” అని ఫోను పెట్టేసి, ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఎలాగైనా చెల్లెలి వీధికే చేరాలని అత్త అమ్మకం ఆపలేదు. ఆడి పోయాక అదే కండక్టరుకు రిజిస్ట్రేషను జరిగింది. ఆఫీసు బయట అత్త విసుగ్గా, “ఇంకేమన్నా అడిగితే నన్ను గూడ రాసిచ్చేస్తాన్రా” అంది.

“వొద్దక్కా,” అన్నాడు కండక్టరు, స్వచ్ఛమైన మా తెలుగులో. “ఫ్యాన్లు చాలు.”

ఆయనది వత్రాప్ దగ్గర మావాళ్ళలాగే తెలుగు మాట్లాడే పల్లెట. నేను మండిపడ్డాను. “ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?”

“వచ్చినప్పుడంతా ఇంకొకటి ఇస్తామని మీరే చెప్పుకుంటిరి, తమ్ముడూ. నాకేం తొందర?”

ధర ఒక్క రూపాయి తగ్గలేదు. ఆ మాట మాత్రం ఎవరూ అనరు.

ఇప్పుడు చిన్నత్త ఉండే వీధి చివరే ఒక మేడమీద అత్త అద్దెకుంటోంది. చిన్నత్త మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. అత్తకు చూపు తగ్గి దిగడానికి భయం. సాయంత్రాలు ఒకరు వీధిలో నిలబడి మెడ ఎత్తుతారు, ఒకరు పిట్టగోడ మీద వంగుతారు. మొన్న వెళ్ళినప్పుడు, “పక్కిల్లు పోయింది నావల్లేనా అత్తా?” అని అడిగాను. కాఫీ చేతికిచ్చి, “చక్కెర చాలునా?” అంది. అడిగిన ప్రతిసారీ ఇంతే. ఆ ఇరవై మూడేళ్ళవాడి ధీమా తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

చక్కెర చాలు అత్తా. అడిగినదానికి చెప్పు. నావల్లేనా, కాదా?