రాహేలు పెద్దమ్మ, రోజుకొక్క వాక్యం

ఈ ఉదయం కర్నూలులో ఆసుపత్రికి నడిచి వస్తుంటే, ఒక దర్జీ కొట్టు ముందు కుట్టుమిషన్ నూనె వాసన తగిలింది. వేంపల్లెలో మా పక్కింట్లో ఉండిన రాహేలు పెద్దమ్మ కళ్ళముందుకు వచ్చింది.

ఆమె రవికెలు కుట్టి బతికిన మనిషి. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. నేను నర్సింగు చదువు ముగించి ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమె కళ్ళకు శుక్లాలు కమ్మాయి. తెల్లవారగానే వెళ్ళి బైబిలు చదివి వినిపించేదాన్ని. అప్పటికే నాకు కర్నూలులో ఉద్యోగం వచ్చింది. వెళ్ళాలా వద్దా తేల్చుకోలేక, దేవుడు ఏదో గుర్తు చూపిస్తాడని అధ్యాయాలకు అధ్యాయాలు తిరగేయాలని నా ఆత్రం. ఆమె ఒక్క వాక్యం దగ్గరే ఆపేసేది. "చాలు తల్లీ. పొద్దంతా నమిలేదానికి ఇదే శానా ఉండాది."

ఒకరోజు, కానుక అర్పించే ముందు నీ వల్ల నొచ్చుకున్నవారితో సమాధానపడమనే మాట వచ్చింది. పెద్దమ్మ ఆ మాట మళ్ళీ చదివించుకుంది. తర్వాత "నా చెప్పులు యాడుండాయో చూడు" అని లేచింది.

దారిలో చెప్పింది. ఏడేళ్ళ కిందట రమీజాబీ అనే ఆవిడ పెద్దమ్మతో కలిసి కుట్టేది. ఒక పెళ్ళికూతురి పట్టు రవికె గుడ్డను పెద్దమ్మే తప్పుగా కత్తిరించింది. తప్పు రమీజాబీదే అనుకుని పెళ్ళివాళ్ళు ఆమెను తిట్టిపోస్తుంటే పెద్దమ్మ నోరు మెదపలేదు. ఆ మాట ఊరంతా పాకి, రమీజాబీకి కుట్టుపని ఇచ్చేవాళ్ళే లేకపోయారు. ఎండలో కూలికి పోవలసి వచ్చింది.

తలుపు తీసిన రమీజాబీ మమ్మల్ని లోపలికి పిలవలేదు. "ఏం రాహేలక్కా, ఏడేండ్లకు దారి తెలిసిందా?"

"తప్పు నాదేనమ్మా. గుడ్డ కత్తిరించింది నేనే. నిన్ను తిడ్తాంటే నోరు మూసుకోని నిలబడితి."

"అది నాకు తెలీదా?" అని ఆమె తలుపు వేసుకుంది.

తిరిగి వస్తూ ఉండబట్టలేక అడిగాను. "ఆమె క్షమించలేదే పెద్దమ్మా. మరి ఇది దేవుని చిత్తమని ఎట్లనుకుంటావు?"

"క్షమిస్తాదని ఆయన నాకు మాటియ్యలే తల్లీ. పొమ్మన్యాడు, పోతి."

ఆ సాయంత్రమే నా చెయ్యి పట్టుకుని పెళ్ళివాళ్ళ ఇంటికి వెళ్ళి నిజం చెప్పింది. తర్వాత అదే మాట చెబుతూ తన దగ్గర కుట్టించుకునే ఇళ్ళన్నీ తిరిగింది. కొందరు ఆమెకు పని ఇవ్వడం మానేశారు. నాకు వాళ్ళమీద కోపం వచ్చింది. ఆమె మాత్రం ఆ రోజుల్లో పాటలు పాడుకుంటూ ఇల్లు ఊడ్చుకునేది.

నెల తిరక్కముందే ఒక ఉదయం మేము చదువుకుంటుండగా రమీజాబీ గుమ్మంలో నిలబడింది. "కండ్లు కనపడకుండా సూదిలో దారం ఎట్ల ఎక్కిస్తాండావక్కా? ఇట్లియ్యి" అంటూ మిషన్ ముందు కూర్చుంది. పెద్దమ్మ కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

ఆ తర్వాతే నా ఉద్యోగం మాట పెద్దమ్మను అడిగాను.

"నువ్వు రేపటిది అడుగుతాండావు. ఈ పొద్దుది చేసినావా?"

నిజానికి నాకు భయం. కొత్త ఊళ్ళో, రోగుల మధ్య ఏం పొరపాటు చేస్తానోనని. ఆ భయానికి దేవుని పేరు పెట్టుకుని ఆగిపోయాను. ఆ సంగతి ఆ రోజే ఇంట్లో మా అమ్మతో ఒప్పుకున్నాను. వారంలో కర్నూలు బస్సెక్కాను.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఇన్నేళ్ళుగా డ్యూటీకి ముందు నేను ఒక్క వాక్యమే చదువుతాను. చదివి కాసేపు ఊరకే కూర్చుంటే, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలుస్తుంది. చాలాసార్లు అది నాకు వెళ్ళబుద్ధికాని చోటే. నిన్న వార్డులో ఒక ముసలాయన దుప్పటి మీద నీళ్ళు ఒలకబోసుకుంటే గట్టిగా విసుక్కున్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈ రోజు ముందుగా ఆయన మంచం దగ్గరికే వెళ్తున్నాను.