మర్ది అని పిలిచింది నేనే

పెద్దపల్లి దగ్గర ఒక రైస్‌మిల్లులో చాలా ఏళ్లు పనిచేశాను. నా పెనిమిటి పోయిన ఏడే చేరాను. నేల మీద రాలిన బియ్యం ఊడ్చి చెరగడం నా పని. చదువంటే నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తున్నది.

ఆ మిల్లుకు బస్తాల మూతులు కుట్టే పనికి ఒకతను వచ్చాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మా అత్తగారి ఊరివాడు, ఆ వరుసన నాకు మరిది. మొదటిరోజే అందరి ముందు, "ఏం మర్దీ, బువ్వ తెచ్చుకున్నవా?" అన్నాను. అంతా ఆ మాటతోనే మొదలైంది.

మా దిక్కు వదినా మరుదుల నడుమ ఎకసెక్కం చెల్లుతుంది. వదిన ఎంత మాటన్నా మరిది నవ్వి ఊరుకోవాలి. నా నోట విని ఊడ్చే ఆడవాళ్లందరూ అతన్ని మర్ది అనసాగారు. మా మేస్త్రి కూడా అన్నది. మేస్త్రి అంటే మగవాడు కాదు, నా ఈడు ఆడమనిషే. రేపు ఎవరు పనికి రావాలో, ఎవరు రావద్దో ఆమె చెప్పిందే మాట.

బస్తాలు కుట్టేది చేతి మిషన్. కుడి చేతిలో మిషన్, ఎడమ చేతిలో బస్తా మూతి, రెండు చేతులూ ఖాళీ ఉండవు. మేస్త్రి సరిగ్గా అప్పుడే వచ్చేది. మొదట అంగీ లోపల తవుడు పోసింది. తర్వాత నడుము గిల్లింది. ఆ తర్వాత వెనక నుంచి ఆనుకుని నిలబడేది. "ఏం మర్దీ, గింత సన్నగున్నవ్, మీ ఆమె సరిగ చూసుకుంటలేదా?" అనేది. మేం నవ్వేవాళ్లం. కొన్నాళ్లు అతనూ నవ్వాడు. తర్వాత మానేశాడు.

ఒకరోజు గోదాం మూలకు పిలిచి నాతో చెప్పుకున్నాడు. "వదినా, గా మేస్త్రికి జర చెప్పరాదు. ఇంటికి రమ్మంటున్నది. రాకుంటే పనికి గూడ రాకు అంటున్నది."

"మొగోనివి, గింతదానికే పరేషానైతవా? నవ్వులకు పరాష్కాలాడుతది, ఊకో," అన్నాను.

నాకు తెలియక కాదు. పెనిమిటి పోయిన కొత్తలో హమాలీలు నన్ను "వదినా" అంటే ఆ పిలుపులో ఏముందో నా ఒంటికి తెలిసింది. చీపురు తిరగేసి నిలబడ్డాను. మగవాడికి కూడా అలాగే ఉంటుందని తోచలేదు. పైగా అతని చేతిలో చీపురు లేదు.

ఒక మధ్యాహ్నం మేస్త్రి వెనక నుంచి వచ్చి అతని లుంగీలో చెయ్యి పెట్టింది. ఇక్కడ నా బిడ్డ, "అవ్వా, గిది గూడ రాయాల్నా?" అని పెన్ను ఆపింది. రాయమన్నాను. అతను అదిరిపడ్డాడు. మిషన్ సూది ఎడమ బొటనవేలి గోరులో దిగింది. నేను చాట పట్టుకుని నాలుగడుగుల దూరంలో ఉన్నాను. సూది దిగడం చూడకముందే నవ్వేశాను. నేను నవ్వడం అతను చూశాడు.

వేలికి గుడ్డ కట్టి మిల్లు ఓనరు సేటు గదికి తీసుకుపోయారు. మేం గుమ్మం దగ్గర నిలబడ్డాం.

"పని మీద సోయి లేదు సేటూ. మిషన్ ఖరాబు చేసిండు. రేపటి సంది ఈన వద్దు," అన్నది మేస్త్రి.

అతను తల వంచుకుని జరిగిందంతా చెప్పాడు. గుమస్తా పగలబడి నవ్వాడు. "గిసొంటివి ఆడోళ్లు చెప్పుకుంటరు గదరా! మాకైతే గంత నసీబు లేకపాయె!"

సేటు నవ్వలేదు. "ఎవలన్న చూసిండ్రా?" అన్నాడు.

ఆడవాళ్లంతా నేల చూశారు. అతను ఎవరి వంకా చూడలేదు, నా వంక అసలే చూడలేదు. ఎవరూ మాట్లాడకపోతే ఆ పూటతో అతని పని పోయినట్టే.

"నేను చూసిన సేటూ," అన్నాను.

మేస్త్రి నా మీదికి తిరిగింది. "ఏం జూసినవే? వరసైనోనితోని పరాష్కం ఆడితే తప్పా? మొదలు మర్ది అన్నది నువ్వే గదనే?"

"అన్న. నాకు మర్ది, నీకేం గాడు. నాకు మర్దైనా లుంగీల చెయ్యి వెట్టుడు ఏం వరస? నేను గూడ నవ్విన, అది నా తప్పే. గాని కండ్లార చూసిన."

సేటు కుట్టే పనిని మేస్త్రి కింద నుంచి తీసి, తన గది కిటికీ ముందుకు మార్పించాడు. ఆమెను ఒక్క మాటా అనలేదు. అతని పని మాత్రం నిలబడింది. నన్ను మేస్త్రి వారం దాకా పిలవలేదు. మనుషులు తక్కువయ్యాక పిలిచింది.

మళ్లీ పనికి పోయిన రోజు కిటికీ దగ్గరికి వెళ్లాను. అతని వేలికి గోరు ఊడిపోయి ఉంది.

"నొస్తుందా?" అన్నాను.

"గోరు మల్లొస్తది. నువ్వు నవ్వినవ్ వదినా," అన్నాడు. తల ఎత్తలేదు, కుడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత అతన్ని మర్ది అనలేదు. తమ్మీ అందామంటే అతను నన్ను వదినా అనే పిలిచేవాడు, వరుస కుదరలేదు. ఏదైనా చెప్పాల్సివస్తే అతనికి కనబడేటట్టు ఎదురుగా నిలబడి, మిషన్ కింద పెట్టేదాకా ఆగి, అప్పుడు మాట్లాడేదాన్ని.