చప్పట్లు కొట్టిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కాబోయే టీచరమ్మ ఒకామె ఉండేది, మా అమ్మ చెల్లెలు. వనపర్తిలో బీఎడ్ చదువుతూ మా దగ్గరే ఉండేది. హైస్కూల్లో లెక్కలు చెప్పాలని ఆమె కోరిక. చదువు మధ్యలో కొన్ని వారాలు ఏదో ఒక బడికి పంపి పాఠాలు చెప్పిస్తారు కదా, దానికోసం లెక్కల చార్టులన్నీ ముందే గీసిపెట్టుకుంది. తీరా జాబితా వచ్చాక చూస్తే, ఆమెను ఊరి చివర మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లల బడికి వేశారు.

"నాకు గా పిల్లల సంగతే తెల్వదక్కా, నేనేం చెప్త?" అని అమ్మ ముందు కూర్చుని బోరుమంది. నాకైతే ఆ జాబితా రాసినవాళ్ళ మీద ఒళ్ళు మండింది.

మొదటి పది రోజులు చిన్నమ్మ అన్నం కూడా సరిగా తినలేదు. ఎప్పుడు చూసినా ఒక పాప గురించే చెప్పేది. ఎనిమిదేళ్ళుంటాయి, మాట రాదు, పిలిస్తే చూడదు. గోపాల్‌పేట నుంచి వాళ్ళమ్మ రోజూ బస్సులో తెచ్చి దింపి, సాయంత్రం తీసుకుపోయేది. ఆ పాప చేతికి చింతగింజలిస్తే చాలు, నేల మీద వరుసగా పేరుస్తూ కూర్చుంటుందట. వరుసలో ఒక్క గింజ తీసేస్తే మాత్రం, మళ్ళీ అక్కడ పెట్టేదాకా ఊరుకోదట.

కాలేజీ సారు చిన్నమ్మ పాఠం చూడటానికి వచ్చే రోజు నాకు సెలవు. చార్టులు మోయడానికి నన్నూ వెంట తీసుకెళ్ళింది. రంగుల కార్డులు పరిచి, ఆ పాపను ఎర్రది ఇమ్మంది. పాప తలెత్తకుండానే ఎర్ర కార్డు తీసి ఆమె చేతిలో పెట్టింది. చిన్నమ్మ మొహం వెలిగిపోయింది. సరైన జవాబుకు అందరిచేతా చప్పట్లు కొట్టించాలని కాలేజీలో నూరిపోశారు మరి. "అందరు చప్పట్లు కొట్టుండ్రి!" అంది. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. మా చిన్నమ్మ గెలిచిందని నా సంబరం నాది!

పాప రెండు చెవులూ మూసుకుని కీచుమని అరిచింది. మేం తేరుకునేలోపే తలుపు దాటి పోయింది.

బడి వెనక పల్లీ చేను, దాని అవతల గోడ లేని పాత మోటబావి. మేం పరుగెత్తుకెళ్ళేసరికి పాప బావి ఒడ్డునే నిలబడి ముందుకూ వెనక్కీ ఊగుతోంది. కాళ్ళ కింది మన్ను రాలి నీళ్ళలో పడుతున్న చప్పుడు వినిపించింది. బడి ఆయమ్మ పిలవబోతే చిన్నమ్మ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒర్రకు. ఒర్రితే ఇంకింత బెదురుతది."

పరుగెత్తి పట్టుకోమని సారు సైగ చేస్తున్నాడు. చిన్నమ్మ వినలేదు. పాపకు కనబడేటట్టు, బావికి దూరంగా చేలో చతికిలబడింది. ఒక పల్లీ మొక్క పీకి, కాయలు తెంపి మట్టిలో వరుసగా పెట్టసాగింది. పాప వైపు చూడనైనా చూడలేదు. నాలుగు కాయలు పెట్టి, ఒక కాయ పట్టేంత చోటు వదిలి, మళ్ళీ నాలుగు పెట్టింది. ఇంకో కాయను ఆ ఖాళీ పక్కనే ఉంచి చేతులు వెనక్కి తీసుకుంది.

ఎంతసేపయిందో నాకు తెలియదు. పాప ఊగడం ఆపింది. ఒకడుగు వేసింది, ఆగింది, మళ్ళీ ఒకడుగు. వచ్చి కూర్చుని, ఆ కాయ తీసి ఖాళీలో పెట్టింది. అప్పుడు కూడా చిన్నమ్మ పాపను పట్టుకోలేదు. ఇంకో మొక్క పీకి, వరుసను బడి వైపుకు పెంచుతూ పోయింది. పాప వెంటే వచ్చింది.

చిన్నమ్మను ఇంకో బడికి మార్పిస్తానన్నాడు సారు. ఆమె వద్దంది. తల్లి వచ్చే వేళకు ఆయమ్మ మెల్లగా దగ్గరికొచ్చి, "పిల్లకేం గాలే గద టీచరమ్మా, ఎందుకు పరేషాన్? చెప్పకు" అంది. నాకూ చెప్పకపోతేనే బాగుండుననిపించింది, చిన్నమ్మ చదువు ఎక్కడ ఆగిపోతుందోనని. ఆమె మాత్రం నేరుగా ఆ తల్లి ముందుకెళ్ళి చప్పట్ల సంగతీ బావి సంగతీ దాచకుండా చెప్పేసింది.

"తప్పు నాదేనమ్మా. రేపటి నుంచి పాపను నా దగ్గర కూసోవెట్టాల్నో వద్దో నువ్వే చెప్పు."

ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. తిడుతుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుని, "ఇంతకుముందు ఇంకో బడిల దీని ఒంటి మీద దెబ్బ జూసి ఏమైందంటే, ఒక్కరు చెప్పలే. ఇదేమో చెప్పలేకపాయె. నువ్వు చెప్పినవ్. రేపు నీ దగ్గర్నే ఇడిచిపోత" అంది.

అందరికంటే గట్టిగా కొట్టింది నేనేనని నేను మాత్రం నోరు విప్పలేదు. చిన్నమ్మ వెనక నిలబడి ఆమె చీర పట్టుకున్నానంతే. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. జుట్టు నెరిసిన ఈ వయసులో, నావల్ల ఏ పొరపాటు జరిగినా ఎదుటివాళ్ళు అడగకముందే వెళ్ళి చెప్పేస్తాను. "నిన్నెవరడిగిండ్రు?" అని మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. ఆ పాప కూడా నన్నేమీ అడగలేదు.